ఇంట్లో కారుండగా బస్సెందుకు? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

సొంత వాహనం ఉన్నవారు కూడా బస్సెక్కడం వల్ల ప్రయోజనం ఏమిటని అడుగుతూ ఇటీవల వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటిని ఎంచి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మేము మెహిదీపట్నంలో ఉంటున్నాం. నా ఉద్యోగం గచ్చిబౌలి వైపు. రానూపోనూ సుమారు 24 కిలోమీటర్లు. ఇంట్లో ఉన్న ఒక్క కారును రోజూ నేనే తీసుకువెళ్తాను. ఇప్పుడు నా భార్యకు కోఠిలో ఉద్యోగం వచ్చింది. ఆమె కోసం వాయిదాల మీద రెండో కారు కొనాలా, లేక ఇద్దరిలో ఒకరం బస్సెక్కాలా అని ఇంట్లో చర్చ నడుస్తోంది. బస్సు వల్ల నిజంగా ఎంత మిగులుతుంది? ఎంత సమయం పోతుంది?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: ముందుగా మీ సొంత ప్రయాణం లెక్క చూద్దాం. ఉదయం, సాయంత్రం రద్దీలో ఆగుతూ సాగే కారు లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తే సంతోషించాల్సిందే. ఆ లెక్కన మీకు రోజుకు రెండు లీటర్లు, నెలకు 22 పనిదినాలు అనుకుంటే 44 లీటర్ల పెట్రోలు కావాలి. లీటరు 107 రూపాయల చొప్పున అది 4,700 రూపాయలు దాటుతుంది. నగరంలో మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల నెల పాసు ధర 2025 జూన్‌లో పెంచిన తరువాత 1,600 రూపాయలు, ఆర్డినరీ పాసు 1,400 రూపాయలు అయింది. అంటే మీరొక్కరు బస్సుకు మారినా నెలకు మూడు వేల రూపాయలు మిగులుతాయి. పైగా ఆ పాసు ఆఫీసు ప్రయాణానికే పరిమితం కాదు. ఆదివారం బంధువుల ఇంటికి వెళ్లినా, సాయంత్రం బజారుకు వెళ్లినా అదే పాసు చెల్లుతుంది.

అయితే బస్సును మెచ్చుకునేవారు తరచూ చేసే ఒక అతిశయోక్తి మేము చేయదలచుకోలేదు. కారు ఖర్చంతా మిగిలిపోతుందని చెప్పడం సరికాదు. కారు ఇంట్లో నిలిపి ఉంచినా బీమా కట్టాలి, ఏటా దాని విలువ తగ్గుతూనే ఉంటుంది, బ్యాటరీ, టైర్లు కదలకపోయినా పాతబడతాయి. కనుక ఉన్న కారును ఉంచుకుని బస్సెక్కేవారికి మిగిలేది ప్రధానంగా పెట్రోలు, పార్కింగు, మరమ్మతుల ఖర్చులో కొంత భాగం మాత్రమే.

అసలు పెద్ద ఆదా మీరు ఇంకా కొనని రెండో కారులో ఉంది. ఏడు లక్షల రూపాయల అప్పు 9 శాతం వడ్డీకి అయిదేళ్ల గడువు మీద తీసుకుంటే నెల వాయిదా సుమారు 14,500 రూపాయలు వస్తుంది. అయిదేళ్లలో వడ్డీ కిందనే లక్షా డెబ్భై వేల రూపాయల దాకా చెల్లిస్తారు. దానికి బీమా, సర్వీసింగు, పెట్రోలు కలపండి. అపార్ట్‌మెంటులో రెండో బండి నిలపడానికి చోటు ఉందో లేదో కూడా చూసుకోండి. ఇక మీ భార్య విషయానికి వస్తే, 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టరు జీరో టికెట్టు ఇస్తారు. మెహిదీపట్నం నుంచి కోఠికి ఎప్పటినుంచో బస్సులు విరివిగా తిరుగుతున్నాయి. ఖర్చే లేకుండా వెళ్లగలిగిన దారికి నెలకు ఇరవై వేల దాకా వెచ్చించడం ఏ మధ్యతరగతి కుటుంబానికైనా తొందరపాటు నిర్ణయమే అవుతుందని మా అభిప్రాయం.

సమయం దగ్గర మాత్రం నిజం ఒప్పుకోవాలి. కారులో ముప్పావు గంట పట్టే దూరానికి, స్టాపు దాకా నడక, బస్సు కోసం ఎదురుచూపు కలుపుకుంటే బస్సులో గంటా పది నిమిషాలు పట్టవచ్చు. ఇందులో ప్రయాణికుడిని విసిగించేది బస్సులో గడిపే సమయం కన్నా స్టాపులో నిలబడే సమయమే. అక్కడి ప్రతి నిమిషం రెండు నిమిషాలుగా తోస్తుంది. అందువల్ల ఎదురుచూపును తగ్గించుకునే ఉపాయాలు నేర్చుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. టీజీఎస్‌ఆర్‌టీసీ వారి ‘గమ్యం’ యాప్‌లో బస్సు ఎక్కడిదాకా వచ్చిందో చూసి ఇంట్లోంచి బయలుదేరవచ్చు. మధ్య స్టాపులో నిలబడే బదులు నాలుగడుగులు వెనక్కి నడిచి, బస్సు బయలుదేరే చోటే ఎక్కితే సీటు దొరుకుతుంది. మెహిదీపట్నం నుంచి బయలుదేరే బస్సులు చాలా ఉన్నాయి కనుక మీకు ఆ వీలుంది. ఒక పావుగంట ముందు బయలుదేరితే రద్దీ స్వరూపమే మారిపోతుంది.

పోయిన ఆ ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకు బదులుగా ఏం వస్తుందన్నది మీరు వేయవలసిన రెండో లెక్క. కారు నడిపే ముప్పావు గంట పూర్తిగా రోడ్డుదే. క్లచ్చు, బ్రేకు, అద్దాలు, పక్క నుంచి దూసుకొచ్చే బండ్లు తప్ప మనసు మరో వైపు పోయేందుకు వీలులేదు. బస్సులో సీటు దొరికిన గంటలో ఒక పుస్తకంలో పాతిక పేజీలు చదవవచ్చు, ఉత్తరాలకు జవాబు రాయవచ్చు, ఊరికే కళ్లు మూసుకోవచ్చు. నిలబడి వెళ్లాల్సి వస్తే ఈ లాభం లేదు. అందుకే సీటు దొరికే చోటు గురించి అంతగా చెప్పాం.

మా సలహా ఇది: రోజూ ఒకే వేళకు, ఒకే దారిలో చేసే ప్రయాణాన్ని బస్సుకు ఇవ్వండి. రాత్రిపూట ఆసుపత్రికి వెళ్లడం, సామాను మోయడం, పెద్దవారిని తీసుకువెళ్లడం వంటి వాటికి ఉన్న కారును వాడుకోండి. మీ ఇద్దరిలో ముందుగా బస్సుకు మారవలసింది ఎవరన్నది బస్సులు ఎవరి దారిలో ఎక్కువగా ఉన్నాయో దాన్ని బట్టి తేల్చుకోండి. రెండో కారు నిర్ణయాన్ని మాత్రం కనీసం ఆరు నెలలు వాయిదా వేయండి.

ప్రశ్న: నల్లటి పొగ వదులుతూ పోయే డీజిలు బస్సు కన్నా నా కొత్త కారే గాలిని తక్కువగా పాడుచేస్తుంది కదా? అలాంటప్పుడు పర్యావరణం కోసం బస్సెక్కండని చెప్పడంలో అర్థం ఏమిటి?
– ఒక అధ్యాపకుడు, విజయవాడ

జవాబు: బండి వెనక నిలబడి చూస్తే మీ మాట నిజమే. ఒక బస్సు ఒక కారు కన్నా ఎక్కువ ఇంధనం తాగుతుంది. అయితే ప్రశ్న బండికి ఎంత పొగ అన్నది కాదు, మనిషికి ఎంత పొగ అన్నది.

లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడు, లీటరు డీజిలు మండితే సుమారు 2.7 కిలోలు వెలువడుతుంది. నగరంలో బస్సు లీటరుకు నాలుగు కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే కిలోమీటరుకు దాదాపు 675 గ్రాములు. అందులో 40 మంది ఉంటే తలకు 17 గ్రాములు పడుతుంది. లీటరుకు 12 కిలోమీటర్లు నడిచే కారులో ఒక్కరే కూర్చుంటే తలకు 190 గ్రాములు, అంటే పదకొండు రెట్లు. ఇదే లెక్కను తిరగేస్తే ఇంకో సంగతి తెలుస్తుంది: బస్సులో ముగ్గురు, నలుగురు మాత్రమే ఉంటే అది ఒంటరి కారుకు సమానమవుతుంది. ఖాళీ బస్సు వల్ల పర్యావరణానికి మేలేమీ లేదు. నిండిన బస్సు వల్లనే మేలు. మీరు ఎక్కినా ఎక్కకపోయినా ఆ బస్సు ఎలాగూ బయలుదేరుతుంది కనుక, మీరు ఎక్కినందువల్ల అదనంగా అయ్యే ఇంధనం లెక్కకు రానంత తక్కువ. మీరు తీయని కారు ఇంధనం మాత్రం పూర్తిగా మిగులుతుంది.

నల్లటి పొగ విషయంలో మీ ఫిర్యాదును మేము తోసిపుచ్చడం లేదు. అది కార్బన్ డయాక్సైడు కాదు, ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నని మసి, వీధి పక్కన నిలబడే మనిషికి నేరుగా హాని చేసేది. పాత బండ్లను సకాలంలో పక్కన పెట్టడమే దానికి మందు. 2020 ఏప్రిల్ నుంచి దేశంలో పొగ పరిమితిని నిర్ణయించే బీఎస్-6 ప్రమాణాలకు లోబడిన కొత్త వాహనాలనే అమ్ముతున్నారు. వాటిలోని డీజిలు బండ్లకు ఈ మసిని పట్టి ఉంచే వడపోత ఉంటుంది. మీ విజయవాడ సిటీ బస్సుల్లో గ్యాసుతో నడిచేవి ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. తిరుమల ఘాట్ రోడ్డులో 2022 బ్రహ్మోత్సవాల సమయంలో విద్యుత్తు బస్సులు మొదలయ్యాయి. వేలాది మంది తమ కార్లను మార్చుకునే దాకా ఎదురుచూడటం కన్నా, ఒక డిపోలోని వంద బస్సులను మార్చడం ప్రభుత్వానికి సులువు. ఆ వంద బస్సులను నింపడం మన చేతిలో పని.

ఇక రోడ్డు మీది చోటు. దీన్ని మేము పొగ కన్నా పెద్ద విషయంగా భావిస్తాం. ఒక్కో కారులో సగటున ఒకటిన్నర మంది ఉన్నారనుకుంటే, నలభై మందికి 27 కార్లు కావాలి. మెల్లగా కదిలే రద్దీలో ముందు వెనక ఖాళీతో కలిపి ఒక్కో కారు ఆరున్నర మీటర్ల చోటు ఆక్రమించినా అవి 175 మీటర్ల వరుస అవుతాయి. అదే నలభై మందిని మోసే బస్సు పొడవు 12 మీటర్లు. బెంజి సర్కిల్ వద్ద ఆగిన వాహనాలను ఒకసారి పరికించండి. ఎన్ని బండ్లు ఆగాయో కాక ఎందరు మనుషులు ఆగారో చూస్తే, ఆ రద్దీలో చోటు ఎవరు తీసుకుంటున్నారో తెలుస్తుంది. 2006లో వచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం కూడా వాహనాలను కాదు, మనుషులను కదిలించడం మీద దృష్టి పెట్టాలనే చెప్పింది. ఆ తరువాత మన నగరాల్లో ఎక్కువగా కట్టింది ఫ్లైఓవర్లే కావడం విచారకరం. వెడల్పు చేసిన రోడ్డు కొత్త కార్లను రప్పిస్తుంది. కొన్నేళ్లలో పాత రద్దీయే మళ్లీ వచ్చి చేరుతుంది. బస్సుకు ప్రత్యేకంగా ఒక వరుస వదిలితే ఆ దుస్థితి ఉండదు. బ్రెజిల్‌లోని కురిచిబా నగరం 1974లోనే ఈ పని చేసి చూపించింది. మన దేశంలో అహ్మదాబాదు 2009 నుంచి చేస్తోంది.

ప్రశ్న: ఉచిత ప్రయాణం వచ్చాక బస్సుల్లో కాలు పెట్టే చోటు ఉండటం లేదు. ఇలాంటప్పుడు కారు ఉన్న నాలాంటి వారు కూడా ఎక్కితే, వేరే దారిలేని వారి చోటు లాక్కున్నట్టు కాదా?
– ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: ఇంత సున్నితంగా ఆలోచించి అడిగినందుకు ముందుగా మీకు నమస్కారం. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం అమలవుతోంది. రద్దీ పెరిగిందన్నది నిజం. అయితే ఆ రద్దీలో ఎందరో మొదటిసారిగా పట్టణానికి పనికి వెళ్లగలిగినవారు, చార్జీకి వెనకాడి ఆసుపత్రిని వాయిదా వేసినవారు, కాలేజీ మానేయకుండా నిలిచినవారు ఉన్నారు. ఆ గుంపును చూసి విసుక్కునే ముందు ఇది గుర్తుంచుకోవడం న్యాయం.

మీరు ఎక్కితే ఎవరి చోటూ పోదు. జీరో టికెట్టు కూడా యంత్రంలో నమోదవుతుంది. ఆ టికెట్ల విలువను సంస్థ ప్రభుత్వం నుంచి కోరుతుంది. ఏ దారిలో ఏ వేళకు ఎందరు ఎక్కుతున్నారో ఆ నమోదుల వల్లనే డిపోకు తెలుస్తుంది, ఎక్కడ ట్రిప్పు పెంచాలో, ఎక్కడ తగ్గించాలో దాన్ని బట్టే తేలుస్తారు. మీ మనసు ఇంకా ఒప్పకపోతే రద్దీ వేళలు తప్పించి పదకొండు, మూడు గంటల మధ్య ప్రయాణం చేయండి. దూరపు ఊళ్లకు వెళ్లేటప్పుడు ఉచితం వర్తించని డీలక్స్, సూపర్ లగ్జరీ బస్సుల్లో టికెట్టు కొని వెళ్లండి. ఆ ఆదాయం సంస్థకు ఆసరా అవుతుంది.

దీనికి ఇంకో కోణం ఉంది. కారు ఉన్నవారంతా బస్సును వదిలేస్తే, అది గొంతు వినిపించలేని వారి వాహనంగా మిగిలిపోతుంది. స్టాపులో నీడ లేకపోయినా, రాత్రి ఎనిమిది తరువాత బస్సు రాకపోయినా అడిగేవారు ఉండరు. డాక్టరు, టీచరు, బ్యాంకు ఉద్యోగి కూడా అదే స్టాపులో నిలబడితే ఆ స్టాపుకు పైకప్పు వస్తుంది. ఇది మంచి విషయం కాకపోయినా మన వ్యవస్థ నడిచే తీరు ఇదే. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైంది. 1958 జనవరి 11న ఆర్టీసీగా మారింది. ఇన్ని దశాబ్దాలు అది నిలబడటానికి కారణం అన్ని తరగతుల వారూ అందులో తిరగడమే.

బస్సు లేని ఊరు ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే అమెరికాలో చదువుకునే మన పిల్లలను అడగండి. టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో దాదాపు నాలుగు లక్షల జనాభా ఉంది, అక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు విద్యార్థులు చాలామంది ఉన్నారు. నిర్ణీత దారుల్లో తిరిగే సిటీ బస్సులు ఆ నగరంలో లేవు. ఉన్న ఒక్క దారిని కూడా 2017 చివరలో ఆపి, ఫోనులో పిలిస్తే వచ్చే చిన్న వాహనాలను పెట్టారు. చదువు అప్పు తీరకముందే పాత కారు కోసం మరో అప్పు చేయవలసిన అవస్థ అలాంటి చోట్ల వస్తుంది. మన వరంగల్లు, కర్నూలు, రాజమహేంద్రవరాల్లో బస్సు ఇంకా ఉంది. దాన్ని పోగొట్టుకోకుండా చూసుకోవాలి.

ప్రశ్న: నాకు 62 ఏళ్లు. గాజువాక నుంచి ఆర్టీసీ కాంప్లెక్సు దాకా స్కూటరు మీద వెళ్తుంటాను. పిల్లలు బస్సులో వెళ్లమంటున్నారు. మోకాళ్ల నొప్పి ఉంది. ఏది మేలు?
– ఒక విశ్రాంత ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: మీ పిల్లల మాటే సరైనది. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని, వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారేనని కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక చెబుతోంది. లారీలు, ట్రెయిలర్లు తిరిగే మీ జాతీయ రహదారి మీద స్కూటరు కన్నా బస్సు సీటు ఎంతో భద్రం. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శారీరక శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. స్టాపు దాకా రానూపోనూ నడిచే నడక అందులో మంచి భాగాన్ని పూరిస్తుంది. మెట్లు ఎక్కడం కష్టంగా ఉంటే నేల ఎత్తు తక్కువగా ఉన్న బస్సు కోసం ఆగండి, వయోవృద్ధులకు కేటాయించిన సీటును మొహమాటం లేకుండా అడగండి, బస్సు పూర్తిగా ఆగాకే దిగండి. నొప్పి బాగా ఎక్కువగా ఉంటే మీ వైద్యుడి మాట విని ఆటోలో వెళ్లడంలో తప్పు లేదు.

ప్రశ్న: మా ఊరికి వచ్చే పల్లెవెలుగు బస్సును ఆపేశారు. అందరూ బైకులు కొన్నారు, బస్సెక్కే వారు తగ్గారు అన్నారు. మళ్లీ రప్పించుకునే దారి ఉందా?
– ఒక యువకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: ఉంది, కాని ఓపిక కావాలి. ఊళ్లో రాత్రి నిలిచి తెల్లవారుజామున పట్టణానికి బయలుదేరే నైట్ హాల్ట్ బస్సు ఒకప్పుడు పాలు, కూరగాయలు, పిల్లలు, రోగులు అందరినీ మోసేది. బైకులు వచ్చాక యువకులు తప్పుకున్నారు. మిగిలినవారు ముసలివాళ్లు, ఆడపిల్లలు, బండి నడపలేనివారు. బస్సు ఆగిపోతే కష్టపడేది వీళ్లే.

మీ డిపో మేనేజరుకు అర్జీ రాయండి. ‘బస్సు కావాలి’ అని ఒక్క వాక్యం రాస్తే ప్రయోజనం ఉండదు. బడికి, కాలేజీకి ఎందరు పిల్లలు ఏ గంటకు వెళ్లాలి, సంత ఏ రోజు, దారిలో ఇంకా ఏయే ఊళ్లు కలుస్తాయి, పాసులు తీసుకోవడానికి ఎందరు సిద్ధంగా ఉన్నారు అన్నవి పేర్లు, సంతకాలతో రాయండి. సర్పంచి, ప్రధానోపాధ్యాయుల సంతకాలు కూడా పెట్టించండి. దారి గుంతలు పడి ఉంటే, కొమ్మలు బస్సుకు తగులుతుంటే ముందే పంచాయతీ చేత బాగు చేయించండి. ట్రిప్పు నిరాకరించడానికి తరచూ చూపే కారణాలు ఇవే. చాలా డిపోలు ‘డయల్ యువర్ డీఎం’ పేరుతో మేనేజరే ఫోనులో మాట్లాడే కార్యక్రమం పెడతాయి. ఆ తేదీ, సమయం స్థానిక పత్రికల్లో వస్తాయి. ఆ రోజు ఒకరు కాకుండా పదిమంది ఫోను చేయండి.

బస్సును ప్రయోగాత్మకంగా మళ్లీ వేస్తే మొదటి మూడు నెలలు ఇంటికొకరైనా అందులో వెళ్లేలా ఊళ్లో మాట్లాడుకోండి. బైకు ఉన్నవారు వారానికి రెండు రోజులు ఎక్కినా టికెట్ల లెక్క మారుతుంది.